డిగ్రీ అయ్యాక మొదటి ఏడాది: స్టైపెండ్ ఇచ్చి పని నేర్పే చోటు ఎలా వెతుక్కోవాలి

మా కాలేజీలో ప్లేస్‌మెంట్ల పని చూడటం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఏటా ఫైనలియర్ ఫలితాలు వచ్చిన వారంలో పిల్లలు స్టాఫ్‌రూమ్ బయట నిలబడి ఒకటే ప్రశ్న అడుగుతారు. "సార్, కోచింగ్‌కి వెళ్లమంటారా, ఏదో ఒక జాబ్‌లో చేరిపోమంటారా?" ఈ రెండే దారులున్నాయని అనుకోవడం వాళ్ల తప్పు కాదు. ఇంట్లో, ఊళ్లో, బస్సులో ఎవరు మాట్లాడినా ఈ రెండింటి గురించే.

నెలనెలా కొంత డబ్బిచ్చి పని నేర్పే చోట ఒకటి రెండేళ్లు గడపడం అనే మూడో దారి కూడా ఉంది. అప్రెంటిస్ అనండి, ట్రైనీ అనండి, సీఏలో ఆర్టికల్స్ అనండి, ఫెలోషిప్ అనండి. కాకపోతే వీటిలో చాలా వాటికి గడువుంటుంది. మూడు నాలుగేళ్లు గ్రూప్స్‌కి చదివి, రాక, ఇప్పుడు అప్రెంటిస్‌కి పెడదామని వచ్చిన పిల్లలకు "నీ పాసవుట్ ఇయర్ దాటిపోయిందమ్మా" అని చెప్పాల్సి వచ్చింది. అలా చెప్పిన ప్రతిసారీ మనసు బాగోలేదు. ఫలితాల వారంలోనే ఎవరో ఒకరు చెప్పి ఉంటే ఆ పిల్లలకు ఆ ఏడాది దక్కేది. అందుకే వివరంగా రాస్తున్నాను. మామూలు డిగ్రీ వాళ్లకూ బీటెక్ వాళ్లకూ కూడా ఇది పనికొస్తుంది.

ముందు కాగితాలు

ఫలితాలు వచ్చిన మొదటి పదిహేను రోజులు ఇంకేం చేయకపోయినా ఫర్వాలేదు, కాగితాలు సరిచేసుకోండి. ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, టీసీ కాలేజీ నుంచి తీసేసుకోండి. ఫీజు బకాయి ఉందనో, రీయింబర్స్‌మెంట్ రాలేదనో కాలేజీ ఆపితే, ఆ సంగతి ఇంట్లో ఇప్పుడే చెప్పి తేల్చుకోండి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే పని జరగదు.

పదో తరగతి మెమోలో మీ పేరు ఎలా ఉందో ఆధార్‌లోనూ అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది. శ్రీనివాసరావు ఒకచోట ఒక మాటగా, మరోచోట రెండు మాటలుగా ఉంటుంది. పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఆధార్ సెంటర్‌కి వెళ్లి పదో తరగతి మెమో ప్రకారం మార్పించుకోండి.

బ్యాంకు ఖాతా మీ పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో లింకై ఉండాలి. బీసీలైతే కేంద్ర సంస్థలకు వేరే ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. మీసేవలో మామూలుగా ఇచ్చే కుల ధ్రువీకరణ సరిపోదు. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు, అది కూడా చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌ని ఏ ఆర్థిక సంవత్సరానికి ఆ సంవత్సరం కొత్తగా తీసుకోవాలి.

ఇంట్లో కూర్చుని ఒక లెక్క

ఇది చాలామంది చెయ్యరు. నాన్నతో, అమ్మతో కూర్చుని ఒకటే అడగండి: "నేను ఇంటికి పైసా పంపకుండా ఎన్నాళ్లు ఉండొచ్చు?" ఎడ్యుకేషన్ లోన్ కిస్తీ ఎప్పుడు మొదలవుతుంది, చెల్లెలి ఫీజు ఎంత, చీటీ ఎప్పటికి అయిపోతుంది, అన్నీ ఒక కాగితం మీద రాయండి. వచ్చిన సమాధానం సున్నా అయితే స్టైపెండ్ తక్కువున్న దారులు మీకు కుదరవు, ముందు జీతం వచ్చే ఉద్యోగమే చూసుకోవాలి. అందులో నామోషీ ఏమీ లేదు. ఏడాది పాటు ఇల్లు మీ మీద ఆధారపడకపోతే మీకున్న దారులు ఎక్కువ. ఈ లెక్క తెలియకుండా అమీర్‌పేట హాస్టల్‌లో చేరిపోయి, ఐదో నెలలో డబ్బు ఆగిపోయి, కోర్సు సగంలో వదిలేసి వచ్చినవాళ్లను చూశాను.

నాట్స్: అందరికంటే ముందు ఇక్కడ నమోదు చేసుకోండి

మన దగ్గర అప్రెంటిస్ అనగానే ఐటీఐ వాళ్లకు మాత్రమే అనుకుంటారు. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 1973లో ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్లను చేర్చారు. 2014 సవరణతో బీఏ, బీకాం, బీఎస్సీ వంటి మామూలు డిగ్రీల వాళ్లకూ తలుపు తెరిచారు. డిగ్రీ, డిప్లొమా వాళ్ల కోసం కేంద్ర విద్యాశాఖ నడిపే పథకమే నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్, పొట్టిగా నాట్స్. ఏపీ, తెలంగాణలు చెన్నైలోని దక్షిణ ప్రాంత బోర్డు కిందికి వస్తాయి.

30 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధన ఉంది. అంటే మీరు వెళ్లి అడిగితే ఆ సంస్థ మీకేదో ఉపకారం చేసినట్టు అనుకోనక్కర్లేదు, వాళ్లకూ మీ అవసరం ఉంది. ఈ మాట గుర్తుంటే హెచ్‌ఆర్ ముందు గొంతు వణకదు.

స్టైపెండ్ సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. 2019లో మార్చిన నిబంధనల్లో డిగ్రీ అప్రెంటిస్‌కి నెలకు కనీసం 9,000 రూపాయలు పెట్టారు. నాట్స్‌లో కనీస మొత్తంలో సగం ప్రభుత్వం భరిస్తుంది. సంస్థ అంతకంటే ఎక్కువ ఇవ్వొచ్చు, కాబట్టి నోటిఫికేషన్‌లో ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి. హైదరాబాద్‌లో హాస్టల్‌కి, బస్‌పాస్‌కి, ఫోన్‌కి పోగా ఇందులో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. అందుకే నేను మొదట "మీ ఇంటికి దగ్గర్లో ఏముంది?" అని అడుగుతాను. పెద్దపల్లి, మంచిర్యాల వైపు వాళ్లకు రామగుండం ఎన్టీపీసీ, సింగరేణి ఉన్నాయి. విశాఖ వైపు స్టీల్‌ప్లాంట్ ఉంది, రిఫైనరీ ఉంది. తిరుపతి వైపు శ్రీసిటీ, సత్యసాయి జిల్లా వాళ్లకు పెనుకొండ దగ్గర కియా, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు. హైదరాబాద్‌లో సొంతిల్లో, బంధువుల ఇల్లో ఉంటే ఈసీఐఎల్, బీడీఎల్, డీఆర్‌డీవో ల్యాబులు చూడండి, ఇవన్నీ అప్రెంటిస్‌లను తీసుకునేవే. ఆర్టీసీ కూడా తీసుకుంటుంది, డిపోకి వెళ్లి అడిగినవాళ్లే తక్కువ.

ఇక ఎలా చేయాలంటే: నాట్స్ పోర్టల్‌లో స్టూడెంట్‌గా రిజిస్టర్ చేసుకోండి. ఆధార్, బ్యాంకు వివరాలు, మార్కుల మెమో, ప్రొవిజనల్ దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఎన్‌రోల్‌మెంట్ నంబర్ వస్తుంది. దాన్ని ఫోన్‌లోనే కాదు, ఒక పుస్తకంలో కూడా రాసుకోండి, ప్రతి నోటిఫికేషన్‌లోనూ అడుగుతారు. తర్వాత పోర్టల్‌లో సంస్థలు వెతికి అప్లై చేయండి. అక్కడితో ఆగొద్దు. ప్రభుత్వ రంగ సంస్థలు తమ సొంత వెబ్‌సైట్‌లో విడిగా ప్రకటన వేస్తాయి, గడువు ఒక్కోసారి రెండు వారాలే ఉంటుంది. మీరు ఎంచుకున్న పది సంస్థల కెరీర్స్ పేజీలు వారానికి ఒకరోజు, సోమవారం అనుకోండి, తెరిచి చూడటం అలవాటు చేసుకోండి. చాలాచోట్ల రాతపరీక్ష ఉండదు, డిగ్రీ మార్కుల మీదే మెరిట్ లిస్ట్ వేస్తారు. పోటీ పరీక్షల్లో వెనకబడినా కాలేజీలో శ్రద్ధగా చదివిన పిల్లలకు ఇది మంచి అవకాశం.

ఎంపికయ్యాక పోర్టల్‌లో కాంట్రాక్ట్ తయారవుతుంది. అది నమోదు కాకుండా "రేపటి నుంచి వచ్చెయ్, కాగితాలు తర్వాత చూద్దాం" అంటే చేరొద్దు. నమోదు కాని ఏడాదికి చివర్లో సర్టిఫికెట్ రాదు.

ఇంకో నాలుగు విషయాలు ముందే తెలుసుకోవాలి. అప్రెంటిస్ ఒక్కసారే చేయొచ్చు. ఏడాది, అంతకంటే ఎక్కువ ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్లను సాధారణంగా తీసుకోరు. గత మూడు, నాలుగు లేదా ఐదేళ్లలో పాసైనవాళ్లే అర్హులని ప్రకటనల్లో రాస్తారు. మొదట్లో గడువుందన్నది దీని గురించే. శిక్షణ అయ్యాక సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. కొన్ని ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఇస్తారన్న ఆశతో కాకుండా, ఆ ఏడాది పని నేర్చుకుని సర్టిఫికెట్‌తో బయటికి వస్తానన్న లెక్కతో చేరండి.

2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కూడా చాలామంది అడుగుతున్నారు. నాట్స్ పూర్తిచేసినవాళ్లను అందులోకి తీసుకోరు కాబట్టి రెండిట్లో ఏది మేలో ముందే తేల్చుకోండి. రెండూ అందుబాటులో ఉంటే నేను నాట్స్‌కే ఓటేస్తాను. చట్టం కింద వచ్చే సర్టిఫికెట్ కాబట్టి ఎక్కడైనా చూపించుకోవచ్చు.

బ్యాంకుల్లో అప్రెంటిస్

బీకాం, బీఎస్సీ, బీఏ పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది. 2023లో స్టేట్ బ్యాంక్ దేశం మొత్తం మీద 6,160 మందిని తీసుకుంటామని ప్రకటించింది, స్టైపెండ్ 15,000. మరుసటి ఏడాది కెనరా బ్యాంక్ 3,000 మందికి ప్రకటన వేసింది. ఇక్కడ మన పిల్లలకు ఒక సౌలభ్యం ఉంది. స్టేట్ బ్యాంక్ వీటికి స్థానిక భాష పరీక్ష పెడుతుంది. పదిలోనో ఇంటర్‌లోనో తెలుగు చదివినట్టు మెమోలో ఉంటే ఆ పరీక్ష రాయనక్కర్లేదు. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్లు పదో తరగతి మెమో జాగ్రత్తగా పెట్టుకోండి.

బ్రాంచిలో ఏడాది కూర్చుంటే కౌంటర్ పని, ఖాతాదారులతో మాట్లాడటం, లోన్ ఫైలు ఎలా కదులుతుందో తెలుస్తుంది. సాయంత్రాలు బ్యాంకు ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పరీక్షకి చదువుకోవచ్చు. పగలంతా బ్యాంకులో ఉండి వచ్చినవాళ్లు ఇంటర్వ్యూలో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

బీటెక్ వాళ్లకు: గేట్, ట్రైనీ ఇంజనీర్

ముందు శిక్షణ ఇచ్చి తర్వాత కొనసాగించే ఉద్యోగాన్ని ప్రైవేటు కంపెనీల్లో గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీ అంటారు, ప్రభుత్వ రంగంలో ఎగ్జిక్యూటివ్ ట్రైనీ, మేనేజ్‌మెంట్ ట్రైనీ అంటారు. అప్రెంటిస్‌కీ దీనికీ పెద్ద తేడా ఉంది: ట్రైనీగా చేరితే శిక్షణ బాగా పూర్తిచేసినవాళ్లు ఆఫీసర్‌గా కొనసాగుతారు. ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటివి గేట్ అనే జాతీయ పరీక్ష మార్కులతో తీసుకుంటాయి. సింగరేణి మేనేజ్‌మెంట్ ట్రైనీలకు సొంత పరీక్ష పెడుతుంది.

గేట్ ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకుముందు ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలవుతాయి. థర్డియర్‌లో ఉన్నవాళ్లూ రాయొచ్చు. స్కోరు మూడేళ్లు చెల్లుతుందని పిల్లలు ధీమాగా ఉంటారు. అది ఎంటెక్ అడ్మిషన్లకు ఉపయోగమే కానీ, ప్రభుత్వ రంగ సంస్థలు చాలా వరకు ఆ ఏడాది స్కోరే అడుగుతాయి. కాబట్టి ఒక్కసారి రాసి ఊరుకోవద్దు. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది, ఇంటి మీద భారం పడకుండా చదవడానికి అదొక దారి.

ఇంకొన్ని దారులు

కామర్స్ డిగ్రీలో 55 శాతం, వేరే డిగ్రీలో 60 శాతం ఉంటే సీఏలో మొదటి మెట్టు ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో మెట్టు సీఏ ఇంటర్మీడియట్‌కి నమోదు చేసుకోవచ్చు. అందులో రెండు గ్రూపులూ పాసయ్యాక ఆర్టికల్స్, అంటే ఒక సీఏ దగ్గర పని నేర్చుకునే శిక్షణ, చేయాలి. 2023లో వచ్చిన కొత్త విధానంలో దాని కాలం రెండేళ్లు. "కాలేజీలో ఇంటర్ అయిపోగానే సీఏ మొదలుపెట్టాల్సింది, ఇప్పుడు ఆలస్యం" అని భయపడే పిల్లలకు ఈ దారి తెలియదు.

లైఫ్ సైన్సెస్, బీఫార్మసీ వాళ్లకు హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ (రోగుల రికార్డుల్లోని జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పని), జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల, పరవాడ వైపు ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ విభాగాలు ఉన్నాయి. కోడింగ్‌కి సీపీసీ సర్టిఫికేషన్ పరీక్ష ఉంటుంది. వేలకు వేలు ఫీజు కట్టే ముందు, శిక్షణ ఇచ్చి ఉద్యోగంలోకి తీసుకునే కంపెనీల వాక్-ఇన్‌లకు రెండు మూడింటికి వెళ్లి చూడండి.

బీఎస్సీ, బీసీఏ వాళ్లను తీసుకుని, ఉద్యోగం చేయిస్తూనే ఎంటెక్ చదివించే ఐటీ కంపెనీలూ ఉన్నాయి, విప్రోలో ఈ పద్ధతి చాలా ఏళ్లుగా నడుస్తోంది. ఫీజు కంపెనీదే. బదులుగా కొన్నేళ్లు అక్కడే పనిచేస్తామని రాసివ్వాలి. ఆ ఏళ్లు ఎన్నో చదివి సంతకం పెట్టండి.

ఫెలోషిప్‌ల మాట ఎత్తితే పిల్లలు "అది సేవ కదా సార్, కెరీర్ ఎట్లా అవుద్ది?" అంటారు. టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ రెండేళ్లు, హైదరాబాద్‌లోనూ ఉంది. స్టేట్ బ్యాంక్ ఫౌండేషన్ నడిపే యూత్ ఫర్ ఇండియా 13 నెలలు, పల్లెల్లో పనిచేయాలి. తరగతి గదిలో 40 మంది పిల్లల్ని రెండేళ్లు నడిపిన వ్యక్తికి మనుషులతో పని చేయించడం వచ్చేస్తుంది. కాస్త బెరుకు ఉన్న పిల్లలకు నేను పనిగట్టుకుని ఇది చెబుతాను.

సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనుకుంటే జిల్లాలో లీడ్ బ్యాంకు నడిపే ఆర్‌సెటీకి, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థకి, వెళ్లండి. శిక్షణ, భోజనం, బస ఉచితం. అక్కడే బ్యాంకు రుణాల సంగతీ తెలుస్తుంది.

గ్రూప్స్, డీఎస్సీ రాసేవాళ్లు

మానేయమని నేను ఎవరికీ చెప్పను. మా పిల్లలు డిప్యూటీ తహసీల్దార్లయ్యారు, టీచర్లయ్యారు, వాళ్లను చూస్తే గర్వంగా ఉంటుంది. ఒక్కటే అడుగుతాను: ఈ రోజే ఒక తేదీ రాసుకుని అమ్మానాన్నలకు చెప్పండి. ఆ తేదీ దాకా పూర్తిగా చదువు. ఆ తర్వాత పని చేస్తూ చదువు. నోటిఫికేషన్ వాయిదా పడినా, కోర్టులో ఆగినా ఆ తేదీ మారకూడదు. అది మీ అప్రెంటిస్ గడువుకు కనీసం ఏడాది ముందు ఉండేలా చూసుకోండి.

ఆఫర్ లెటర్ వచ్చాక ఏం చూడాలి

ఇక్కడ నా ఇంట్లో జరిగింది చెప్పాలి. మా తమ్ముడు డిగ్రీ అయ్యాక ఒక కన్సల్టెన్సీకి 60,000 కట్టాడు. ట్రైనింగ్ ఇచ్చి కంపెనీలో పెట్టిస్తామన్నారు. నాలుగు నెలలు ఏవో క్లాసులు జరిగాయి. ఐదో నెల వెళ్లేసరికి ఆఫీసుకి తాళం. ఆ డబ్బు అమ్మ గాజులు తాకట్టు పెట్టి తెచ్చినది. డబ్బు పోయినదానికన్నా, వాడు రెండేళ్లు ఎవరి మొహం చూడలేక ఇంట్లో ఉండిపోవడం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. కాబట్టి ఈ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: ఉద్యోగం ఇవ్వడానికి డబ్బడిగితే లేచి వచ్చేయండి. డిపాజిట్ అన్నా, ల్యాప్‌టాప్ ఛార్జీ అన్నా, రిఫండ్ చేస్తామన్నా సరే.

బ్యాక్‌డోర్ ఇంకా ప్రమాదం. రెండేళ్ల ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ తయారుచేసి ఇస్తామంటారు. ఇప్పుడు కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మీ పీఎఫ్ ఖాతా చూస్తాయి. పనిచేశామని చెప్పిన నెలల్లో పీఎఫ్ జమ కాకపోతే అక్కడే దొరికిపోతారు. మా పిల్లాడొకడు చేరిన మూడో నెలలో అలాగే బయటికి వచ్చాడు.

ఇన్నేళ్లు మానేయనని, మానేస్తే ఇంత కడతానని రాసిచ్చే బాండ్ గురించి చాలామందికి రెండు అపోహలు. ఒకటి, బాండ్ చెల్లనే చెల్లదని. రెండోది, బాండ్ ఉంటే జైలుకి పంపుతారని. రెండూ తప్పే. విజయా బ్యాంకు కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. అంటే సంతకం పెడితే డబ్బు కట్టాల్సి రావచ్చు. కానీ అది డబ్బు గొడవే, మానేసినందుకు ఎవరూ జైల్లో పెట్టరు. సంతకానికి ముందు మూడు చూడండి: ఎన్నేళ్లు, ఎంత మొత్తం, నిజంగా ఏం శిక్షణ ఇస్తున్నారు. వారం రోజుల ఓరియెంటేషన్‌కి రెండేళ్ల బాండ్ అడిగితే నేనైతే వద్దంటాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ అప్పగించొద్దు. చూపించండి, జెరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్స్ అదే రోజు ఇంటికి తెచ్చేసుకోండి.

చేరాక

మొదటి నెల ఎవరూ పని చెప్పరు, ఫోటోకాపీలు తీయమంటారు, టీ తెమ్మంటారేమోనని టెన్షన్. కొన్నిచోట్ల నిజంగానే అలా ఉంటుంది. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రోజూ సాయంత్రం నాలుగు లైన్లు రాయండి: ఈ రోజు ఏ మెషీన్ చూశాను, ఏ రిజిస్టర్‌లో ఏం రాస్తారు, ఎవరిని ఏమడిగాను. మూడు వారాలయ్యాక ఆ పుస్తకం పట్టుకుని మీ పైఆఫీసర్ దగ్గరికి వెళ్లి, "సార్, ఇవి చూశాను, ఈ పని నన్ను చేయనివ్వండి" అని ఒక్క పని పేరు చెప్పి అడగండి. ఏదైనా నేర్పండి అని అడిగితే ఎవరికీ తీరిక ఉండదు. ఫలానా పని అని అడిగితే ఎవరో ఒకరు నేర్పుతారు. అలా అడిగిన మా అమ్మాయి ఒకామె, వర్క్‌షాప్‌లో ఆపరేటర్ దగ్గర కొలతలు తీయడం నేర్చుకుని, అదే పని మీద వేరే కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేరింది. ఇంటర్వ్యూలో ఆమె చూపించింది ఆ నోట్‌బుక్కే.

ఎనిమిదో నెల నుంచే బయట అప్లికేషన్లు పెట్టడం మొదలుపెట్టండి, పన్నెండో నెల దాకా ఆగితే మళ్లీ ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది. చట్టం కింద అప్రెంటిస్‌లకు పీఎఫ్ ఉండదు. కాబట్టి మీరు ఆ ఏడాది అక్కడ ఉన్నారనడానికి బోర్డు ఇచ్చే సర్టిఫికెట్టే ముఖ్యమైన రుజువు. స్టైపెండ్ పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా పీడీఎఫ్ తీసి దాచుకోండి. సర్టిఫికెట్ చేతికి రాగానే పేరు, తండ్రి పేరు, విభాగం, మొదలైన తేదీ, ముగిసిన తేదీ పదో తరగతి మెమోతో, కాంట్రాక్ట్‌తో పోల్చి చూసుకోండి. తప్పుంటే ఆ రోజే, మీ ఫైలు చూసే మనిషి ఇంకా ఆ సీట్లో ఉండగానే సరిచేయించుకోండి.